బగ్దాదు నగర రక్షణ వ్యవస్థ

క్రీ.శ. 762 (హిజ్రీ 145)లో అబ్బాసీ ఖలీఫా మన్సూర్ టైగ్రిస్ నది ఒడ్డున బగ్దాదు నిర్మాణాన్ని ప్రారంభించాడు. వలయాకారపు కోటకు నాలుగు ద్వారాలు, వాటికి కావలి. అయితే జనం త్వరలోనే కోట వెలుపలకు విస్తరించారు. అంతటి రాజధానిలో శాంతిభద్రతల భారం ముగ్గురు అధికారుల మధ్య పంపిణీ అయింది.

మొదటివాడు సాహిబుష్షుర్తా. ఈయనను తెలుగువారెరిగిన కొత్వాలుతో పోల్చవచ్చు. రాత్రి గస్తీ, నేరస్థులను పట్టుకోవడం, శిక్షల అమలు ఈయన బాధ్యతలు. రెండవవాడు ముహ్తసిబ్. తూనికలు, కొలతలు, సరుకుల కల్తీ, వీధుల ఆక్రమణ ఈయన పరిధిలోనివి. బహిరంగంగా కనిపించే తప్పులనే ఈయన అరికట్టాలి. సాధారణంగా ఇళ్లలోకి తొంగిచూసే హక్కు లేదు. మూడవవాడు కాజీ. సాక్ష్యం లేనిదే ఈయన తీర్పు చెప్పరాదు.

చిక్కంతా మొదటి పదవితోనే వచ్చింది. అనుమానం మీదనే మనిషిని నిర్బంధించే అధికారం షుర్తాకు ఉండేది. హారూన్ రషీద్ కాలపు ప్రధాన న్యాయమూర్తి అబూ యూసుఫ్ (మరణం 798) తన ‘కితాబుల్ ఖరాజ్’లో దీనిని ఖలీఫా దృష్టికి తెచ్చాడు. కేవలం ఆరోపణతో ఎవరినీ చెరలో ఉంచరాదనీ, కొట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదనీ హెచ్చరించాడు. ఖైదీలకు రొట్టెలు పంపితే కాపలాదారులే కాజేస్తారు గనుక, నెలనెలా రొక్కం వారి చేతికే ఇప్పించాలని కోరాడు.

ఆ హెచ్చరిక ఎంత అవసరమో 833లో తేలింది. ఖుర్ఆన్ సృష్టించబడినదని పండితులచేత అంగీకరింపజేయమని ఖలీఫా మామూన్ లేఖ వ్రాసింది కాజీకి కాదు, బగ్దాదు రక్షణాధికారి ఇస్‌హాఖ్ ఇబ్నె ఇబ్రాహీంకు. దొంగలను పట్టవలసిన యంత్రాంగం విశ్వాసాలను విచారించింది. అంగీకరించని ఇమామ్ అహ్మద్ ఇబ్నె హంబల్‌కు సంకెళ్లు పడ్డాయి.

తర్వాత రెండు శతాబ్దాలకు, బగ్దాదులోనే కాజీగా ఉన్న మావర్దీ (మరణం 1058) ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్యా’లో ఈ అధికారాలను క్రోడీకరించాడు. బలమైన అనుమానం ఉన్నప్పుడు, నిజం చెప్పించడానికి నిందితుణ్ణి దండించే వీలు కాజీకి లేదు గాని రక్షణాధికారికి ఉందన్నాడు. అయితే దెబ్బల మధ్య వచ్చిన మాటను అంతటితో నమ్మరాదు. కొట్టడం ఆపి మళ్లీ అడగాలి. అబూ యూసుఫ్ మూసివేయదలచిన తలుపును మావర్దీ షరతులతో తెరిచి ఉంచాడు.

బగ్దాదులో నగర రక్షణకు అధికారుల కొరత లేదు. సాక్ష్యానికి కట్టుబడిన కాజీకీ, అనుమానంతో నడిచే షుర్తాకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అక్కడి న్యాయవేత్తలు శతాబ్దాల తరబడి తర్కించిన ప్రశ్న. ఆ గీత చెరిగిన ప్రతిసారీ మూల్యం చెల్లించినది చెరలోని మనిషే.