299 సార్లు ఆడిన నాటకం: జోరాన్ రాద్మిలోవిచ్ కథ

ఒక నటుడు ఒకే నాటకాన్ని 299 సార్లు ఆడాడు. మూడొందలకి ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటి ఎందుకు మిగిలిపోయిందో ఈ ఎపిసోడ్‌లో చెప్పుకుందాం.

ఆయన పేరు జోరాన్ రాద్మిలోవిచ్. 1933లో అప్పటి యుగోస్లావియాలో, అంటే ఇప్పటి సెర్బియాలో, జాయెచార్ అనే ఊళ్ళో పుట్టాడు. లా చదవడం మొదలుపెట్టి వదిలేశాడు. ఆర్కిటెక్చర్‌లో చేరి అదీ వదిలేశాడు. మన ఇళ్ళల్లో అయితే ఈపాటికి పెద్ద పంచాయితీ అయ్యేది! చివరికి నటన దగ్గర ఆగాడు.

బెల్‌గ్రేడ్‌లో అతెల్యే 212 అని ఒక థియేటర్ ఉంది. 1956లో మొదలైనప్పుడు అందులో ఉన్నవి 212 కుర్చీలే, పేరు అలా వచ్చింది. 1964లో అక్కడ 'ఉబు రాజు' నాటకంలో రాజు వేషం వేశాక జోరాన్ పేరు ఊరంతా పాకింది. స్క్రిప్టులో లేని డైలాగులు అప్పటికప్పుడు పుట్టించడం ఆయన స్టైల్.

అసలు కథ 1973లో మొదలైంది. దుశాన్ కొవాచెవిచ్ అనే రచయిత, అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు, 'మూడో రాదోవాన్' అనే కామెడీ రాశాడు. పల్లె నుంచి వచ్చి సిటీ అపార్ట్‌మెంట్‌లో ఇరుక్కున్న ఒక తండ్రి. టీవీ సీరియల్ హీరో మీద పిచ్చి. పక్కింటివాళ్ళతో పగ. ఇంట్లోవాళ్ళ మీద పెత్తనం. కూతురు ఏళ్ళ తరబడి గర్భంతోనే ఉంటుంది, ఆయన కననివ్వడు! మొదట్లో నాటకం అంతగా ఆడలేదట. జోరాన్ సొంత మాటలు కలపడం మొదలుపెట్టాక జనం ఎగబడ్డారు. నిన్న చూసినవాళ్ళు ఇవాళ మళ్ళీ వచ్చేవాళ్ళు, ఎందుకంటే ఇవాళ వేరేగా ఉంటుంది కదా.

రాసినవాడికి కోపం రాదా అని మీరు అడగొచ్చు. ఆ కొవాచెవిచ్ రాసిన 'మారథాన్ రన్నర్లు' 1982లో సినిమాగా వచ్చింది. అందులో వాడేసిన శవపేటికలు దొంగిలించే ముఠా నాయకుడు బిలీ పితోన్ ఎవరో తెలుసా? జోరానే. సినిమాలు ఇంకా చాలానే ఉన్నాయి గానీ, నన్నడిగితే ఆయన స్టేజీ మనిషి.

ఇక్కడే ఒక బాధ ఉంది. సినిమా అయితే అలాగే మిగిలిపోతుంది. ప్రతి రాత్రీ మారిపోయే నాటకాన్ని ఎలా దాస్తాం? 1983లో ఒక ప్రదర్శనని టీవీ కోసం షూట్ చేశారు. ఇవాళ జనం ఫోన్లలో చూసి నవ్వుకునే క్లిప్పులు అందులోవే. మిగతా రాత్రుల్లో ఆయన ఏం మాట్లాడాడో ఆ హాల్లో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

ఆరోగ్యం దెబ్బతిన్నా స్టేజీ ఎక్కాడు. 1985 జులై 21న క్యాన్సర్‌తో చనిపోయాడు. 52 ఏళ్ళే. మూడొందలోది జరగలేదు.

ఇప్పుడు జాయెచార్ థియేటర్‌కి ఆయన పేరే. అతెల్యే 212 ముందు ఆయన విగ్రహం ఉంది. ఆ రికార్డింగ్ దొరికితే చూడండి. భాష రాకపోయినా ఫర్వాలేదు. జోరాన్‌ని కాదు, పక్కనున్న నటుల్ని గమనించండి. తర్వాత ఏం అంటాడో వాళ్ళకీ తెలీదు, నవ్వు ఆపుకోలేక మొహాలు తిప్పుకుంటుంటారు.