చార్లీకి ఒంట్లో బాగోలేదు

ఐడహో కొండల్లో రాత్రి బాగా పొద్దుపోయింది. హైవే పక్కన ఒక పెట్రోలు బంకు, చిన్న దుకాణం, బాటసారులకు అద్దెకిచ్చే గదులు. 1960 శరత్కాలం. 58 ఏళ్ల మనిషి ఒకాయన ముసలి కుక్క పక్కన కూర్చుని దాని పొట్ట తడిమి చూస్తున్నాడు. పొత్తికడుపు ఉబ్బిపోయింది. మూత్రాశయం నిండిపోయింది, చుక్క బయటికి రావడం లేదు. మాట సాయానికి ఇంటి మనిషి లేడు. ఎక్కడ నొప్పో చెప్పడానికి చార్లీకి నోరు లేదు.

ఆయన జాన్ స్టైన్‌బెక్. ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ రాసి 1940లో పులిట్జర్ అందుకున్న రచయిత. మరో రెండేళ్లలో నోబెల్ బహుమతి రాబోతోంది. ఆ రాత్రి ఆయనకు కావలసింది మాత్రం ఒక పశువుల డాక్టరు.

నిజానికి ఈ ప్రయాణంలో ఎవరైనా జబ్బు పడతారని ఇంట్లోవాళ్లు భయపడింది చార్లీ గురించి కాదు, ఆయన గురించి. 1959 డిసెంబరులో స్టైన్‌బెక్ న్యూయార్క్ ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలాడు. చిన్నపాటి పక్షవాతమని జీవితచరిత్రకారులు రాశారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నెమ్మదిగా బతకమన్నారు, బరువు తగ్గమన్నారు, కొవ్వు మానమన్నారు. తన వయసు మగవాళ్లు ఒక్క జబ్బుతో ఇంటిల్లిపాదీ కాపలా కాసే పసివాళ్లుగా మారిపోవడం ఆయన చూశాడు. నాలుగేళ్లు ఎక్కువ బతకడం కోసం అలా మారడం తనవల్ల కాదనుకున్నాడు. ముప్పావు టన్ను జీఎంసీ ట్రక్కు తెప్పించి, దాని వెనక చిన్న ఇల్లు కట్టించాడు. మంచం, నాలుగు పొయ్యిల స్టవ్వు, ఫ్రిజ్, మరుగుదొడ్డి, అన్నీ అందులోనే. దానికి స్పానిష్ నవలా నాయకుడు డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టాడు, రోసినాంటే అని. పాతికేళ్లుగా తన దేశాన్ని తానే సరిగ్గా చూడలేదని, దాని మీద రాస్తున్నదంతా జ్ఞాపకాల్లోంచే రాస్తున్నానని ఆయన దిగులు.

భార్య ఎలెయిన్ కాదనలేకపోయింది. ఆయన గుండె ఉన్న స్థితిలో దారిలో ఎప్పుడు ఏమైనా కావచ్చని, సవతి తల్లి ఎలా ఒప్పుకుందో తనకు అర్థం కాలేదని కొడుకు థామ్ తర్వాతి కాలంలో అన్నాడు. బయల్దేరే ముందు స్టైన్‌బెక్, చార్లీని వెంట తీసుకెళ్లనా అని నసుగుతూ అడిగాడు. ఆమె ప్రాణం కుదుటపడింది. మీకేమైనా అయితే చార్లీ వెళ్లి ఎవరినైనా పిలుచుకొస్తాడు కదా అన్నట్టు మాట్లాడింది. చార్లీ ఏమీ లాసీ కాదని ఆయన గుర్తు చేయాల్సి వచ్చింది. లాసీ అంటే ఆ రోజుల్లో అమెరికా టీవీలో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడుతూ ఇంటింటికీ చేరువైన కుక్క. ఆ పోలికలోంచే ఎలెయిన్ భయమెంతో తెలుస్తుంది. ఒంటరిగా వెళ్తున్న భర్తకు తోడుగా కుక్కను పంపుతోంది ఆమె.

1960 సెప్టెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుంచి బండి కదిలింది.

చార్లీ పెద్ద జాతి పూడిల్. పారిస్‌లోని బెర్సీలో పుట్టాడు. ఫ్రెంచిలో చెబితే చప్పున అర్థమవుతుంది, ఇంగ్లిషైతే ఓ క్షణం ఆలోచించాలి. ముందు పళ్లు వంకరగా ఉండటంతో ‘ఫ్ట్’ అని ఓ శబ్దం చేస్తాడు. ఆ శబ్దం చేశాడంటే దిగి చెట్టు దగ్గరికి వెళ్లాలని. గొడవల జోలికి పోని పెద్దమనిషి తరహా కుక్క. ఒక్క ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లను చూసేసరికి మాత్రం బండి బద్దలు కొట్టేంత పనిచేశాడు. స్టైన్‌బెక్ బండి వెనక్కి తిప్పక తప్పలేదు. ఆ తర్వాత మోంటానా దాటి, కొండలెక్కి, ఇక్కడికొచ్చాక ఈ జబ్బు.

వయసు మీరిన మగకుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం మామూలే. దానికి ఇన్‌ఫెక్షన్ సోకి వాస్తే మూత్రం వచ్చే దారి ఇరుకవుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఒంట్లోంచి బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. అలా ఒకటి రెండు రోజులు గడిస్తే గుండె మీదికే వస్తుంది. కుక్కను పెంచుకునే వాళ్లెవరైనా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది పదేపదే కాలెత్తి, ఏమీ రాక దించేస్తుంటే తెల్లారాక చూద్దాంలే అనుకోకూడదు.

స్టైన్‌బెక్‌కు ఈ ప్రమాదం కొంత తెలుసు. దగ్గర మూత్రం తీయడానికి సరైన గొట్టం గానీ మందు గానీ లేవు. బిగిసిన కండరం వదులైతే దారి తెరుచుకుంటుందేమోనని తన సెకొనాల్ నిద్రమాత్ర చార్లీకి వేశాడు. ఒకటిన్నర గ్రెయిన్లు, అంటే దాదాపు 100 మిల్లీగ్రాములు. మనుషుల మందు కుక్కకు సొంతంగా వేయడం ఏ పశువైద్యుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఆ కొండ మీద, ఆ చీకట్లో ఆయన చేతికందింది అదొక్కటే. చార్లీ మత్తులో పడ్డాడు. తెల్లారాక బండి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్ వైపు పరుగు తీసింది.

ఊరు చేరగానే దొరికిన పశువుల డాక్టరు దగ్గరికి చార్లీని మోసుకెళ్లాడు. ఆ డాక్టరు చేతులు వణుకుతున్నాయి. రాత్రి తాగింది దిగనట్టుంది. చార్లీ పెదవి ఎత్తి చూశాడు, కనురెప్ప తిప్పి వదిలేశాడు. ముసలిది కదా, పక్షవాతమేమో అన్నాడు. మత్తు నిద్రమాత్ర వల్లనని, అసలు బాధ మూత్రాశయంలోనని స్టైన్‌బెక్ వివరించాడు. డోసు ఎక్కువైందా అంటే తెలీదన్నాడు డాక్టరు. మరి జబ్బేమిటంటే జలుబు అయ్యుంటుందన్నాడు. దారిన పోతున్నవాణ్ణి, ఇంకాస్త నిదానంగా చూడమని ప్రాధేయపడితే, ముసలి కుక్కలన్నాక నొప్పులుంటాయని విసుక్కుని, మూత్రం సాఫీగా అయ్యే మాత్రలేవో చేతిలో పెట్టాడు. స్టైన్‌బెక్ డబ్బు కట్టి బయటపడ్డాడు.

ముసలితనమన్నాక ఇంతే అనే మాటను ఆయన అంతకు ముందు ఏడాది తన మంచం పక్కనే విని ఉంటాడు. ఆ మాటను కాదని ఇల్లు విడిచి వచ్చిన మనిషి, అదే మాట తన కుక్క గురించి మళ్లీ వినాల్సి రావడం నాకు ఈ కథ మొత్తంలో అన్నింటికంటే కష్టంగా తోచే చోటు. నోరులేని ప్రాణిని పరాయి ఊళ్లో డాక్టరు బల్ల మీద పడుకోబెట్టినప్పుడు మనకు కావలసింది మందు ఒక్కటే కాదు. ఆ చేతులు కాసేపు దాని ఒంటి మీద నిలవాలి.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఈ సంఘటనలన్నీ స్టైన్‌బెక్ 1962లో అచ్చువేసిన ‘ట్రావెల్స్ విత్ చార్లీ’లోవి. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే జర్నలిస్టు అదే దారిన వెళ్లి, ఉత్తరాలూ రాతప్రతీ పరిశీలించి, ఆయన చెప్పినన్ని రాత్రులు ఒంటరిగా గడపలేదని, సంభాషణల్లో కల్పన పాలు ఎక్కువని తేల్చాడు. 2012 నాటి ప్రచురణ ముందుమాట కూడా దాన్ని ఒప్పుకుంది. కాబట్టి స్పొకేన్‌లో నడిచిన మాటల్లో నిజమెంతో, నవలాకారుడి చేయి ఎంతో విడదీయడం కష్టం. చార్లీ నిజం, రోసినాంటే నిజం. కాలిఫోర్నియాలోని సలీనాస్ మ్యూజియంలో ఆ బండిని ఇవాళ్టికీ చూడొచ్చు. జబ్బుపడ్డ కుక్కను చూసుకుంటూ పడిన భయం కల్పించి రాసింది కాదని ఆ పేజీలు చదివిన వాళ్లెవరికైనా తెలుస్తుంది.

చార్లీ కాస్త తేరుకున్నాక ప్రయాణం సాగింది. సియాటిల్ వచ్చింది, ఆరిగన్ రెడ్‌వుడ్ అడవి వచ్చింది, కాలిఫోర్నియా, మొహావీ ఎడారి వచ్చాయి. టెక్సస్‌లోని అమరిల్లోలో రాయి తగిలి రోసినాంటే ముందు అద్దం పగిలింది. అద్దం కోసం ఆగాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే చార్లీకి పాత బాధ తిరగబెట్టింది.

ఈసారి పిలిపించుకున్న డాక్టరు కుర్రవాడు. కారు దిగి వచ్చి, ఏమైందని అడిగి, చార్లీ మీదకు వంగాడు. నడుము మీదుగా పొట్ట కిందికి అతని చేతులు తెలిసిన దారిలో నడిచినట్టు వెళ్లాయి. చార్లీ పెద్దగా నిట్టూర్చాడు. తోక మెల్లగా నేల మీంచి లేచి మళ్లీ వాలింది. స్పొకేన్‌లో ముడుచుకుపోయిన కుక్క ఇక్కడ ఒళ్లప్పగించి పడుకుంది. ప్రోస్టేట్ వాపు అన్నాడు డాక్టరు, స్టైన్‌బెక్ అనుమానించిందే. నయమవుతుందా అంటే తప్పకుండా అన్నాడు, నాలుగు రోజులు తన దగ్గర వదలమన్నాడు. చార్లీని ఎత్తుకెళ్లి అతని కారు సీట్లో పడుకోబెట్టారు.

ఆ నాలుగు రోజుల్లో స్టైన్‌బెక్ టెక్సస్‌లో ఎలెయిన్‌తో థాంక్స్‌గివింగ్ పండగకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి చార్లీ పూర్తిగా కోలుకుని ఉన్నాడు. దారిలో వేయడానికి డాక్టరు మాత్రలిచ్చాడు. తన డాక్టర్ల మాట వినని మనిషి, ఈ కుర్ర డాక్టరు మాట పాటించాడు. చార్లీకి ఆ జబ్బు మళ్లీ రాలేదు.