సులభపదములకు నిర్వచనము

ఇంగ్లీషు తరగతిలో నొకనాఁడు ‘బిగిన్’ అను మాట కర్థమేమని మేమొక బాలుని నడిగితిమి. ‘కమెన్స్’ అని చెప్పెను. కమెన్స్ అనఁగా నేమన్న, ‘బిగిన్’ అనెను. రెండు మాటలును వచ్చినవి. అర్థము మాత్రము రాలేదు. తప్పు బాలునిది కాదు, మేము నేర్పిన తీరుది.

ఈ చిక్కు నేఁటిది కాదు. ఇంగ్లీషు పదములకు ఇంగ్లీషుననే యర్థము చెప్పు తొలి నిఘంటువును రాబర్టు కాడ్రీ యను నుపాధ్యాయుఁడు 1604వ సంవత్సరమున లండనులోఁ బ్రకటించెను. స్త్రీల కొఱకును, చదువు చాలని తదితరుల కొఱకును దానిని గూర్చినట్లు ముఖపత్రముననే తెలిపెను. ఉద్దేశము శ్లాఘ్యము. కాని యందలి రమారమి 2,500 పదములును కఠినపదములే. అన్నపానాదులను దెలుపు మాటలకు నిఘంటువేల యని యా కాలపువారి తలంపు. 1702లో వెలువడి, జాన్ కెర్సీ కృతిగాఁ బరిగణింపఁబడుచున్న నిఘంటువున నిత్యవ్యవహారపదములకుఁ జోటు దొరకెను.

చోటు దొరకిన మాత్రమున నర్థము సులభము కాలేదు. 1755లో డాక్టరు జాన్సను, వలవంటి యల్లికను దెలుపు ‘నెట్‌వర్కు’ అను మాటను వివరించుటకు, వలలల్లు జాలరికి సయితము తెలియని లాటిను పదములను వాడెను. మిక్కిలి సులభమగు పదమును అంతకంటె సులభముగా వివరింపవలను పడదని యాయనయే పీఠికలో నొప్పుకొనెను.

మన యమరకోశమును బర్యాయపదములనే శ్లోకములలోఁ గూర్చినది. గురుముఖమున నేర్చువానికది తగినదే. కాని యొంటరిగాఁ బుస్తకము తెఱచు బాలునికి ‘గొడుగు’నకు ‘ఛత్రము’, ‘ఆతపత్రము’ అని చెప్పిన లాభమేమి? ‘ఎండయు వానయుఁ దగులకుండఁ దలపైఁ బట్టుకొనునది’ అన్నచో వస్తువు కన్నులకుఁ గట్టును.

ఈ మార్గమును నియమబద్ధము చేసినవాఁడు బంగాళమున ఢాకాలో నుపాధ్యాయులకు శిక్షణ గఱపిన మైకేలు వెస్టు. బెంగాలీ బాలుర కష్టమును గన్నులారఁ జూచినవాఁ డగుటచే, 1935లో ఎండికాటుతోఁ గలసి, 1,490 మాటలతోడనే సుమారు 24,000 పదములకును నుడికారములకును నర్థము చెప్పు నిఘంటువును వెలువరించెను. ఎంచిన మాటలను దాటరాదన్న నియమముండుటచే నిఘంటుకారుఁడు పెద్దమాటల చాటున దాఁగలేఁడు. జపానులో నింగ్లీషు బోధించిన హార్న్‌బీ, మఱి యిద్దఱతోఁ గలసి కూర్చిన యభ్యాసకుల నిఘంటువు 1942లో టోకియోలో వెలువడెను. 1978నాటి లాంగ్‌మన్ నిఘంటువు సుమారు 2,000 మాటలతో నీ పద్ధతినే యనుసరించెను.

వెస్టును హార్న్‌బీయుఁ బరభాషను నేర్చువారి నడుమఁ బనిచేసిన యుపాధ్యాయులు. సులభపదముల బరువు వారికిఁ దెలియుట యందుచేతనే. బిడ్డ ‘తెలియలేదు’ అన్నప్పుడు మనము మఱియొక పెద్దమాటను జెప్పి తప్పించుకొనుచున్నాము. తల్లిదండ్రులు దినమున కొక్క మాటనైనను, తెలుఁగు గానిండు, ఇంగ్లీషు గానిండు, బిడ్డకుఁ దెలిసిన మాటలతోడనే వివరింపఁ బ్రయత్నింతురు గాక. అట్లు వివరింపలేనిచో, ఆ మాట తమకును బూర్తిగాఁ దెలియదని గ్రహింతురు. మేమును మా తరగతిలో నట్లే గ్రహించితిమి.