పాడు, ఖరాబు, పోరంబోకు

తెలుగువాళ్ళ వంటింట్లో పాలు విరుగుతాయి, పెరుగు పులుస్తుంది, అన్నం పాచిపోతుంది, పండు కుళ్ళుతుంది, బియ్యం ముక్కిపోతాయి. ఒక్కో నష్టానికి ఒక్కో మాట. గడప దాటగానే ఈ శ్రద్ధంతా పోతుంది. ఫోన్ పాడైంది, రోడ్డు పాడైంది, ఆరోగ్యం పాడైంది, వాళ్ళబ్బాయి పాడైపోయాడు. మా ఆఫీసులో సర్వర్ కూడా పాడవుతుంది. మా అమ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ "పాడు మతిమరుపు" అంటుంది గానీ, అందులో కోపమేమీ ఉండదు. 'చెడ్డ' ఇంకా విచిత్రం. చెడ్డ చలి అన్నప్పుడు ఆ మాట మంచికి ఎదురు కాదు, చలికి కొలత.

ఈ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని తవ్వుతుంటే, వాటిలో కనీసం మూడు నేల గురించిన మాటలని తేలింది.

'పాడు'కి తమిళంలో చుట్టం 'పాఴ్'. ఆ ఴ అక్షరం పాత తెలుగు శాసనాల్లోనూ ఉండేది, తర్వాత మన దగ్గర కొన్నిచోట్ల డ అయింది. చోఴులు చోడులు అయినట్టే. పాడుబడ్డ గుడి, పాడుబడ్డ బావి అంటున్నామంటే పాత అర్థం ఇంకా బతికే ఉంది: మనుషులు వదిలేసిన చోటు. తప్పు గుడిది కాదు, బావిది కాదు. జనం వెళ్ళిపోయారు, అంతే. (ప్రత్తిపాడు, కంకిపాడు, యడ్లపాడు వాళ్ళు కంగారుపడక్కర్లేదు. ఆ పాడు వేరు, దానికి ఊరనే అర్థం.)

'ఖరాబు' అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. అక్కడా దాని అర్థం శిథిలం, నిర్జనం. హైదరాబాదులో బండీ ఖరాబవుతుంది, దిమాగూ ఖరాబవుతుంది. కానీ రెవెన్యూ కాగితాల్లో 'పోట్ ఖరాబు' అంటే ఒక సర్వే నంబరులో సాగుకు పనికిరాని ముక్క. ఓ బండో, వాగో, బాటో. దానికి శిస్తు ఉండదు. అక్కడ ఖరాబు తిట్టు కాదు, లెక్క.

అసలు కథ మాత్రం పోరంబోకుది. మద్రాసు ప్రెసిడెన్సీ రైత్వారీ లెక్కల్లో శిస్తు పడని, ఎవరి పేరునా పట్టా లేని ప్రభుత్వ భూమి ఇది. తమిళంలో 'పుఱం' అంటే బయట, అంటే లెక్కకు బయట. అయితే ఆ బయట ఉన్నవేమిటో చూడండి: చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, డొంక పోరంబోకు, శ్మశాన పోరంబోకు. నీళ్ళు నిలిచేది, గొడ్లు నడిచేది, చివరికి అందరూ చేరేది అక్కడే. ఊరంతా వాడుకునే నేల పేరు తీసుకెళ్ళి పనీపాటా లేని మనిషికి తగిలించాం. కలెక్టరు ఖాతాలో ఆదాయం రాని చోటు, మన నోట్లో పనికిరాని మనిషి.

పాత ముచ్చటేగా అని వదిలెయ్యడానికి వీల్లేదు. హైదరాబాదులోనే ఉన్న నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉపగ్రహ చిత్రాలతో కేంద్ర ప్రభుత్వం 2019లో అచ్చేసిన వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ ప్రకారం దేశంలో 16.96 శాతం నేల వృథా భూమి. అందులో తుప్పలు మొలిచిన నేల కూడా ఒక వర్గం. అక్కడ మేకలు మేపుకునేవాళ్ళకి అది వృథా ఎలా అవుతుంది? ఉపగ్రహానికి తుప్ప కనిపిస్తుంది, మేక కనిపించదు. ఒకసారి వృథా అని రాసుకున్నాక దాన్ని 'అభివృద్ధి' చెయ్యడం చాలా తేలిక. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చెయ్యమని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

తమిళులు ఈ తిట్టుని కొంతయినా వెనక్కి లాక్కున్నారు. 2017లో టి.ఎం. కృష్ణ ఎన్నూరు క్రీక్ గురించి పాడిన 'చెన్నై పోరంబోక్కు పాడల్'లో ఆ మాటకి ఉమ్మడి ఆస్తి అన్న అర్థం మళ్ళీ వినిపిస్తుంది. మన దగ్గర ఆ పని ఇంకా మొదలైనట్టు లేదు. మొన్న మా ఊరి పాత అడంగల్ చూశాను. చెరువు పోరంబోకు అని రాసున్న నంబరులో ఇప్పుడు తెల్ల సున్నం వేసిన ప్లాట్ల రాళ్ళున్నాయి. గజం ధర బోర్డు మీదే రాశారు.