డొరోతీ ఆర్నాల్డ్ అదృశ్యం

డొరోతీ ఆర్నాల్డ్ (జననం: 1885 జులై 1) అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన సంపన్న కుటుంబపు యువతి. 1910 డిసెంబరు 12 మధ్యాహ్నం ఫిఫ్త్ అవెన్యూలో ఒక పుస్తకాల దుకాణం ముందు స్నేహితురాలికి కనిపించింది. ఆ తర్వాత ఏమైందో నేటికీ తేలలేదు. అప్పటికి ఆమెకు 25 ఏళ్లు. పరువు కోసం కుటుంబం వారాల తరబడి విషయం దాచడంతో దర్యాప్తు మొదట్లోనే దెబ్బతిన్న కేసు ఇది.

నేపథ్యం

తండ్రి ఫ్రాన్సిస్ ఆర్నాల్డ్ సెంట్లు, విలాస వస్తువులు దిగుమతి చేసే వ్యాపారి. మేనత్త భర్త రూఫస్ పెకమ్ అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. బ్రిన్ మార్ కళాశాలలో 1905లో చదువు ముగించిన డొరోతీ కథా రచయిత్రి కావాలనుకుంది. 1910లో మెక్‌క్లూర్స్ పత్రికకు పంపిన కథ తిరిగొచ్చింది. ఇంట్లోవాళ్లు ఆటపట్టించారు. ఆ తర్వాత ఉత్తరాలు ఇంటికి రాకుండా ఆమె పోస్టాఫీసులో విడిగా పెట్టె తీసుకుంది. రెండో కథ కూడా నవంబరులో తిరిగొచ్చింది. రాసుకోవడానికి గ్రీనిచ్ విలేజ్‌లో వేరే ఇల్లు తీసుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు.

తనకంటే చాలా పెద్దవాడైన ఇంజనీరు జార్జ్ గ్రిస్కమ్‌తో ఆమెకు సన్నిహిత సంబంధం ఉండేది. 1910 సెప్టెంబరులో నగలు తాకట్టు పెట్టి, ఇంట్లో వేరే కారణం చెప్పి, బోస్టన్‌లో అతనితో కొన్ని రోజులు గడిపింది.

అదృశ్యమైన రోజు

ఉదయం 11 గంటల ప్రాంతంలో, చెల్లెలి విందుకు గౌను కొనాలని చెప్పి ఈస్ట్ 79వ వీధిలోని ఇంటి నుంచి బయల్దేరింది. తోడు వస్తానన్న తల్లిని వద్దంది. పార్క్ అండ్ టిల్ఫర్డ్ దుకాణంలో అరపౌను చాక్లెట్లు ఖాతాలో రాయించి తీసుకుంది. అక్కడి నుంచి 27వ వీధి దగ్గరున్న బ్రెంటానోస్‌కు నడిచి వెళ్లి ఒక సరదా కథల పుస్తకం కొంది. బయట స్నేహితురాలు ఎదురైతే చెల్లెలి విందు గురించి కబుర్లాడి, సెంట్రల్ పార్కు మీదుగా నడిచి ఇంటికెళ్తానంది. అప్పటికి దాదాపు రెండయింది. ఆమెలో ఎవరికీ తేడా కనిపించలేదు.

దాచిన వారాలు

రాత్రి భోజనానికి రాకపోవడంతో ఇంట్లోవాళ్లు స్నేహితురాళ్లకు ఫోన్లు చేశారు. వచ్చిందా అని అర్ధరాత్రి దాటాక వారిలో ఒకరు తిరిగి ఫోన్ చేస్తే, తల్లి వచ్చిందనే చెప్పింది. తలనొప్పిగా ఉండి పడుకుందని, మాట్లాడలేదని సర్దిచెప్పింది.

పోలీసులకు బదులు కుటుంబ మిత్రుడైన న్యాయవాది జాన్ కీత్‌ను పిలిపించారు. డొరోతీ గదిలో విదేశీ స్టాంపులున్న ఉత్తరాలు, ఓడ ప్రయాణాల కరపత్రాలు, పొయ్యిలో కాలిన కాగితాలు కనిపించాయి. ఆయన ఆసుపత్రులు, జైళ్లు, శవాగారాలు గాలించారు. పింకర్టన్ డిటెక్టివ్‌లనూ పెట్టారు. గ్రిస్కమ్ అప్పుడు ఇటలీలో ఉన్నాడు. తల్లి, సోదరుడు అక్కడికే వెళ్లి నిలదీస్తే తనకేమీ తెలియదన్నాడు. చివరకు పోలీసుల మాట విని తండ్రి 1911 జనవరి 25న విలేకరుల ముందుకొచ్చాడు. పార్కులో ఆమెను చూసినవాళ్లెవరైనా ఉన్నా, అప్పటికి ఆరు వారాలు గడిచిపోయాయి.

ఊహలు

కథలు తిరిగిరావడంతో కుంగి ఆత్మహత్య చేసుకుందని కొందరన్నారు. పార్కులో ఎవరో చంపి నీళ్లలో పడేశారని తండ్రి నమ్మాడు. మంచు కరిగాక జలాశయం గాలించినా ఏమీ దొరకలేదు. చట్టవిరుద్ధ గర్భస్రావం వికటించి చనిపోయిందన్న కథనం 1914లో పెన్సిల్వేనియా నుంచి వచ్చింది. డబ్బు తీసుకుని ఒక యువతిని నేలమాళిగలో పూడ్చానని 1916లో ఒక ఖైదీ చెబితే పోలీసులు తవ్వి చూశారు, ఏమీ బయటపడలేదు. కేసు తేలిపోయిందని 1921లో ఒక పోలీసు అధికారి సభలో ప్రకటించి, వెంటనే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

తండ్రి 1922లో మరణించాడు. కూతురు బతికి లేదని తనకు నమ్మకం కుదిరిందని, అందుకే ఆమెకు వాటా పెట్టడం లేదని వీలునామాలో రాశాడు. తల్లి 1928లో కన్నుమూసింది.