తూనికరాయికి తూకం

తూనికరాయి సరైనదో కాదో తేలాలంటే దాన్ని అంతకంటే నమ్మకమైన రాయితో తూచాలి. ఆ రెండోదాన్ని మూడోదానితో. ఈ వరస 1889 నుంచి 2019 మే 20 దాకా పారిస్ శివార్లలోని సెవ్ర్‌లో, మూడు తాళంచెవులు కలిస్తే తప్ప తెరుచుకోని నేలమాళిగలో ఆగేది. అక్కడున్నది 39 మిల్లీమీటర్ల ఎత్తు, అంతే వ్యాసం ఉన్న ప్లాటినం-ఇరిడియం స్తూపం. కిలోగ్రాము అంటే అదే. ఫ్రెంచి విప్లవకారులు మొదట కోరుకున్నది ఇలాంటి వస్తువును కాదు. ఎవరి సొత్తూ కాని ప్రకృతి నుంచే కొలమానం రావాలని 1795లో గ్రామును నీటితో నిర్వచించారు: కరిగే మంచు ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీరు. కానీ రోజువారీ పనికి నీరు పట్టు చిక్కదు. 1799 నాటికే ప్లాటినం దిమ్మ ఒకటి చేయించి దాన్నే కిలోగ్రాము అన్నారు. శాశ్వత ప్రమాణాల్ని మన భూగోళంలో కాక అణువుల్లో వెతకాలని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1870లోనే చెప్పాడు. కాబట్టి 2019లో కిలోగ్రాము నిర్వచనాన్ని వస్తువు నుంచి ప్రకృతి స్థిరాంకానికి మార్చడం వెనుక ఉన్న ఆశయం పాతదే. రెండు శతాబ్దాలు ఆలస్యంగా దాన్ని అందుకున్నది కొలిచే నేర్పు.

1988-92 మధ్య ఆ స్తూపాన్ని దాని నకళ్లతో పోల్చి చూస్తే, వందేళ్లలో వాటి మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా పేరుకుంది. ఏది పెరిగిందో, ఏది తరిగిందో చెప్పే దారి లేదు. నిర్వచనం ప్రకారం స్తూపం మారదు మరి. ఇసుక రేణువంత తేడాకు ఇంత హడావిడి దేనికని అడగవచ్చు. కూరగాయల అంగట్లో దానితో పని లేదన్నది నిజమే. అయితే విద్యుత్ ప్రవాహపు ప్రమాణమైన ఆంపియర్ నిర్వచనం బలం మీద, బలం కిలోగ్రాము మీద ఆధారపడి ఉండేవి. విద్యుత్ ప్రయోగశాలలు అప్పటికే క్వాంటం పద్ధతులతో అంతకంటే నిలకడగా కొలవగలిగేవి. అందుకే 1990 నుంచి వోల్టుకూ ఓమ్‌కూ ఒప్పందపు విలువలు పెట్టుకుని, అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థకు పక్కగా నడిచాయి. ప్రమాణం కంటే దాని మీద ఆధారపడ్డ కొలతలే నమ్మకంగా ఉండటం పెద్ద లోపం.

దారి చూపినవాడు బ్రిటన్‌కు చెందిన బ్రయాన్ కిబుల్. 1975లో ఆయన ప్రతిపాదించిన త్రాసులో ఉన్నది బరువు, దాని భారానికి ఎదురుబలమిచ్చేలా అయస్కాంత క్షేత్రంలో వేలాడే తీగచుట్ట. చుట్టలో విద్యుత్తు పంపి బరువును నిలబెడతారు. తర్వాత బరువు తీసేసి, అదే చుట్టను కదిలించి, పుట్టిన వోల్టేజీని కొలుస్తారు. అయస్కాంతం బలమెంత, తీగ పొడవెంత అన్న చిక్కు ప్రశ్నలు రెండు కొలతల మధ్య కొట్టుకుపోతాయి. పైన చెప్పిన క్వాంటం పద్ధతులైన జోసెఫ్‌సన్, క్వాంటం హాల్ ప్రభావాలతో కొలిచిన ఆ విద్యుత్ రాశులు తిన్నగా ప్రకృతి స్థిరాంకాల్లో ఒకటైన ప్లాంక్ స్థిరాంకానికి (h) చేరుస్తాయి. దీనితో సంబంధం లేని మరో దారి సిలికాన్-28 గోళం: దాదాపు లోపం లేని స్ఫటికంలో పరమాణువుల ఎడాన్ని ఎక్స్ కిరణాలతో కొలిచి, గోళంలో ఎన్ని పరమాణువులున్నాయో లెక్కగట్టడం. వెంటనే మార్చేద్దామని 2005లోనే కొందరు వాదించారు. అప్పటికి ఈ దారులు ఒకే విలువ చెప్పడం లేదు. కనీసం మూడు స్వతంత్ర ప్రయోగాలు పది కోట్లలో 5 వంతుల లోపు అనిశ్చితితో ఏకీభవించాలని పట్టుబట్టి ఆగడం నా దృష్టిలో ఈ కథలోని అసలు ఘనత. 2018 నవంబర్ 16న వెర్సాయ్‌లో మార్పుకు ఓటు పడింది. h విలువ 6.62607015 × 10⁻³⁴ జౌల్-సెకండ్లుగా స్థిరపడింది.

పాత కిలోతోనే ప్లాంక్ స్థిరాంకాన్ని కొలిచి, దానితోనే కొత్త కిలోను నిర్వచిస్తే తిరిగి మొదటికే వచ్చినట్టు కాదా? కాదు. కొత్త కిలో పరిమాణం పాతదాని నుంచి ఒక్కసారిగా జరిగిపోకుండా చూడటానికే ఆ కొలత పనికొచ్చింది. సంఖ్య స్థిరపడ్డాక అనిశ్చితి స్తూపానికి బదిలీ అయింది. ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలోని 57వ నంబరు నకలు సహా ఏ లోహపు దిమ్మకూ ఇప్పుడు ప్రత్యేక హోదా లేదు. కిబుల్ త్రాసులు కట్టగలిగేది కొన్ని దేశాలే కదా అన్న అభ్యంతరంలో మాత్రం బలముంది. అయినా స్తూపం ఒక్కచోటే ఉండేది. ఈ నిర్వచనాన్ని నేర్పున్న ఎవరైనా సాకారం చేసుకోవచ్చు. పని ఇంకా ముగియలేదు. వేర్వేరు ప్రయోగశాలల కిలోలు తగినంతగా కలవకపోవడంతో 2021 ఫిబ్రవరి నుంచి ప్రపంచమంతా ఉమ్మడిగా ఒప్పుకున్న విలువను వాడుతోంది. దాని ప్రకారం సెవ్ర్ స్తూపం కిలో కంటే 2 మైక్రోగ్రాములు తక్కువ. 2023 సవరణలో ఆ తేడా 7 మైక్రోగ్రాములైంది.