ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఐరిష్ క్రీడాకారులు విదేశీయులా?

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఐర్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోయిన దశలను క్రీడాచరిత్రతో జోడించి వివరించగలుగుతారు.
• 'విదేశీయుడు' అనే మాటకు చట్టంలో, క్రీడా నిబంధనల్లో, ప్రజల వాడుకలో ఉన్న అర్థాల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• ఒక అంకె వెనుక దాగిన నిర్వచనాన్ని ప్రశ్నించడం అలవరచుకుంటారు.

6.1 పరిచయం

జానీ కేరీ 1919లో డబ్లిన్‌లో జన్మించాడు. 1936లో, పదిహేడేళ్ల వయసులో, ఇంగ్లండ్ వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బులో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఐర్లాండ్ తటస్థంగా ఉన్నప్పటికీ అతడు బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. 1947 మే 10న గ్లాస్గోలో గ్రేట్ బ్రిటన్ జట్టుకూ మిగిలిన ఐరోపా దేశాల జట్టుకూ పోటీ జరిగినప్పుడు ఐరోపా జట్టుకు నాయకత్వం వహించింది ఇతడే. మరుసటి ఏడాది మాంచెస్టర్ యునైటెడ్ నాయకుడిగా ఇంగ్లండ్‌లో ప్రతిష్ఠాత్మకమైన ఎఫ్.ఏ. కప్పు అందుకున్నాడు. 1949లో అక్కడి ఫుట్‌బాల్ పాత్రికేయులు అతణ్ణి ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుడిగా ఎన్నుకున్నారు.

మరి కేరీ ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో విదేశీయుడా?

సంపర్క తరగతుల్లో నేను ఈ ప్రశ్న వేసినప్పుడల్లా విద్యార్థులు రెండు పక్షాలుగా చీలేవారు. "ఐర్లాండ్ వేరే దేశం కదండీ, విదేశీయుడే" అని కొందరు, "అతడు పుట్టినప్పుడు అదంతా ఒకే రాజ్యం కదండీ, ఎలా అవుతాడు?" అని మరికొందరు. రెండు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది, కాని రెండూ తొందరపాటు జవాబులే. ఎవరు లెక్కపెడుతున్నారు, ఎప్పుడు, ఏ అవసరం కోసం అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ పని ఇప్పుడు చేద్దాం.

6.2 ఒక దీవి, రెండు సంఘాలు

1801లో అమలైన ఐక్యతా చట్టంతో ఐర్లాండ్ బ్రిటన్‌తో కలిసి ఒకే రాజ్యమైంది. అయితే ఫుట్‌బాల్ పాలన ఒకటి కాలేదు. ఇంగ్లండ్ సంఘం 1863లో లండన్‌లో ఏర్పడితే, ఐర్లాండ్ సంఘం 1880లో బెల్‌ఫాస్ట్‌లో ఏర్పడింది. స్కాట్లాండ్, వేల్స్‌లకూ వేరువేరు సంఘాలు ఉన్నాయి. రాజ్యం ఒకటి, ఫుట్‌బాల్ 'దేశాలు' నాలుగు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, ముందుముందు అవసరమవుతుంది.

1921లో డబ్లిన్‌లో మరో సంఘం పుట్టింది. ఆ ఏడాది డిసెంబరులో ఆంగ్లో-ఐరిష్ ఒప్పందం కుదిరింది. 1922లో దక్షిణ ప్రాంతం డొమినియన్ ప్రతిపత్తితో ఐరిష్ ఫ్రీ స్టేట్ అయింది. ఉత్తరాన ఆరు జిల్లాలు బ్రిటన్‌లోనే ఉండిపోయాయి. రెండు సంఘాలూ తమ జట్టును 'ఐర్లాండ్' అనే పిలిచాయి. బెల్‌ఫాస్ట్ సంఘం 1950 వరకు దక్షిణాది ఆటగాళ్లనూ ఎంపిక చేసింది. కేరీ 1946 సెప్టెంబరు 28న బెల్‌ఫాస్ట్‌లో ఒక ఐర్లాండ్ తరఫున, 30న డబ్లిన్‌లో మరో ఐర్లాండ్ తరఫున బరిలోకి దిగాడు. రెండుసార్లూ ప్రత్యర్థి ఇంగ్లండే. చివరికి 1950లలో ఫిఫా జోక్యం చేసుకొన్నాక ఎవరి ఆటగాళ్లు వారికి, ఎవరి పేరు వారికి అన్న పద్ధతి స్థిరపడింది.

6.3 చట్టం ఏమన్నది?

1931లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒక నిబంధన తెచ్చింది. బ్రిటిష్ ప్రజలు కాని వృత్తి క్రీడాకారులు రెండేళ్లు దేశంలో నివసించిన తరువాతనే ఆడాలని దాని సారాంశం. 1978 వరకు ఈ నిబంధన ఐరోపా ఆటగాళ్లను దాదాపుగా దూరం పెట్టింది. ఐరిష్ ఫ్రీ స్టేట్ వారు అప్పటికి బ్రిటిష్ ప్రజలే కాబట్టి, 1936లో కేరీకి ఈ నిబంధన అడ్డురాలేదు.

అసలు చిక్కు 1949లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఐర్లాండ్ పూర్తి గణతంత్రమై కామన్వెల్త్ నుంచి వైదొలగింది. ఇక ఐరిష్ పౌరులు విదేశీయులు కావాలి కదా? అలా జరగలేదు. 1948 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టం ఐరిష్ పౌరులను పరదేశీయుల జాబితాలో చేర్చలేదు. 1949 నాటి ఐర్లాండ్ చట్టం మరో అడుగు ముందుకు వేసి, ఐర్లాండ్ బ్రిటిష్ రాజు పాలనలో లేకపోయినా, బ్రిటన్ చట్టాల దృష్టిలో అది విదేశం కాదని ప్రకటించింది.

దీనికి కారణం కేవలం ఆదరణ కాదు. ఐరిష్ కూలీలు, నర్సులు లేకుండా యుద్ధానంతర బ్రిటన్‌లో పనులు నడవవు. ఉత్తర ఐర్లాండ్ సరిహద్దులో మనుషులను ఆపి తనిఖీ చేయడం ఆచరణలో సాధ్యం కాదు. ఇక్కడ భారతదేశంతో పోల్చి చూడండి. ఐర్లాండ్ వైదొలగిన పది రోజులకే, ఏప్రిల్ 28న, లండన్ ప్రకటన ద్వారా గణతంత్రంగా మారనున్న భారత్ కామన్వెల్త్‌లో కొనసాగడానికి మార్గం ఏర్పడింది. అయినా 1962 వలస చట్టం తరువాత కామన్వెల్త్‌లో ఉన్న భారతీయుల ప్రవేశంపై నియంత్రణ వచ్చింది. కామన్వెల్త్‌ను వదిలిన ఐరిష్ వారిపై మాత్రం ఆచరణలో అది అమలు కాలేదు. ఎవరు పరాయివారన్నది సభ్యత్వపత్రాన్ని బట్టి మాత్రమే నిర్ణయం కాలేదని దీన్నిబట్టి గ్రహించండి.

6.4 గూడిసన్ పార్క్, 1949

1949 సెప్టెంబరు 21న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో, కేరీ నాయకత్వంలోని ఐర్లాండ్ 2-0తో ఇంగ్లండ్‌ను ఓడించింది. కాన్ మార్టిన్ పెనాల్టీతో ఒక గోలు, పీటర్ ఫారెల్ మరో గోలు చేశారు. ఫారెల్ ఎవర్టన్ క్లబ్బు ఆటగాడు. గూడిసన్ పార్క్ ఆ క్లబ్బు సొంత మైదానం! ఐర్లాండ్ జట్టులో ఎక్కువమంది ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడేవారే.

సొంత గడ్డపై ఇంగ్లండ్ విదేశీ జట్టు చేతిలో మొదటిసారి ఎప్పుడు ఓడిందని అడిగితే చాలామంది 1953 నవంబరు 25 అంటారు. ఆ రోజు వెంబ్లీలో హంగరీ 6-3తో గెలిచింది. మరి నాలుగేళ్ల ముందరి ఓటమి ఏమైంది? ఐర్లాండ్‌ను విదేశంగా లెక్కపెట్టకపోతేనే 1953 మొదటిది అవుతుంది. అందుకే జాగ్రత్తగా రాసేవారు హంగరీని 'ఐరోపా ప్రధాన భూభాగం నుంచి గెలిచిన మొదటి జట్టు' అంటారు. 'విదేశీయులు కారు' అన్న మాట ఐరిష్ వారికి ఉపాధి ఇచ్చింది. అదే మాట వారి విజయాన్ని చరిత్రలో మరుగున పడేసింది. ఈ రెండు వైపులనూ కలిపి చూడండి.

6.5 ఐరోపా లెక్క

1991-92 నుంచి ఐరోపా క్లబ్బుల పోటీల్లో ఒక జట్టు ముగ్గురు విదేశీయులను, ఆ దేశంలోనే చాలాకాలం ఆడి అక్కడివారిగా గుర్తింపు పొందిన మరో ఇద్దరిని మాత్రమే ఆడించాలన్న నియమం వచ్చింది. ఇక్కడ 'దేశం' అంటే రాజ్యం కాదు, ఫుట్‌బాల్ సంఘం. కాబట్టి ఇంగ్లండ్ క్లబ్బుకు ఐరిష్ ఆటగాడే కాదు, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న స్కాట్లాండ్, వేల్స్ ఆటగాళ్లూ ఈ లెక్కలోకి వచ్చారు.

1994 నవంబరు 2న బార్సిలోనాతో ఆడటానికి వెళ్లిన మాంచెస్టర్ యునైటెడ్‌కు ఇది పెద్ద తలనొప్పి అయింది. ఐర్లాండ్‌కు చెందిన రాయ్ కీన్, డెనిస్ ఇర్విన్, వేల్స్‌కు చెందిన ర్యాన్ గిగ్స్, మార్క్ హ్యూస్ అందరూ ఆ పరిమితిలోనే ఇమడాలి. అందువల్ల డెన్మార్క్ గోల్‌కీపర్ పీటర్ ష్మైకెల్‌ను పక్కన పెట్టాల్సివచ్చింది. జట్టు 0-4తో ఓడింది. ఇంగ్లండ్ లీగ్‌లో శనివారం విదేశీయుడు కాని కీన్, బుధవారం ఐరోపా పోటీలో విదేశీయుడు! 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో ఐరోపా సమాఖ్య పౌరులపై ఇటువంటి పరిమితులు రద్దయ్యాయి.

6.6 వాడుక లెక్క

1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదలైన వారంలో తుది జట్లలో 13 మంది విదేశీయులే ఉన్నారని తరచూ రాస్తుంటారు. ఆ 13 అనేది బ్రిటన్, ఐర్లాండ్‌ల వెలుపలి నుంచి వచ్చిన వారి సంఖ్య. ఐరిష్ వారిని కలిపితే ఆ సంఖ్య మారిపోతుంది. అదేవిధంగా, 1994లో వృత్తి క్రీడాకారుల సంఘం అవార్డు గెలిచిన ఎరిక్ కాంటోనాను ఆ గౌరవం పొందిన మొదటి విదేశీయుడంటారు. డబ్లిన్‌వాసి లియమ్ బ్రేడీ 1979లోనే దాన్ని అందుకున్నాడు. ఈ లెక్కలు తప్పని కాదు. వాటి నిర్వచనాన్ని పైకి చెప్పకపోవడమే లోపం.

చట్టంలో పరాయివారు కాకపోవడం, ప్రేక్షకుల మనసులో పరాయివారు కాకపోవడం ఒకటి కాదు. ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో పుట్టి గణతంత్రం తరఫున ఆడిన జేమ్స్ మెక్లీన్, బ్రిటిష్ సైనికుల స్మృతిచిహ్నమైన పాపీ పువ్వును 2012లో చొక్కాపై ధరించనందుకు, ఆ తరువాత ఏళ్ల తరబడి మైదానాల్లో ఎగతాళిని భరించాడు.

6.7 బ్రెగ్జిట్ తరువాత

2021 జనవరి నుంచి ఐరోపా ఆటగాళ్లు ఇంగ్లండ్‌లో ఆడటానికి పాయింట్ల పద్ధతిలో అనుమతి పొందాలి. ఐరిష్ పౌరులకు అది అవసరం లేదు. 1949 నాటి సూత్రం ఇంకా బతికే ఉందన్నమాట. కాని మరో తలుపు మూసుకుంది. సాధారణంగా 18 ఏళ్లు నిండనివారు ఒక దేశపు సంఘం నుంచి మరో దేశపు సంఘానికి మారకూడదని ఫిఫా నియమం. ఐరోపా సమాఖ్య లోపల 16 ఏళ్లు నిండితే మినహాయింపు ఉంది. బ్రిటన్ సమాఖ్యను వీడటంతో ఆ మినహాయింపు పోయింది. బ్రేడీ 15 ఏళ్లకే ఆర్సెనల్‌కు వెళ్లాడు. కేరీ 17 ఏళ్లకు వెళ్లాడు. ఈనాడు డబ్లిన్‌లో ఉన్న పదిహేడేళ్ల కుర్రవాడు ఓడెక్కి ఇంగ్లండ్‌లో దిగవచ్చు, అక్కడ ఉద్యోగం చేయవచ్చు. క్లబ్బులో మాత్రం నమోదు కాలేడు.

6.8 సారాంశం

బ్రిటన్ చట్టం ప్రకారం, ఇంగ్లండ్ దేశీయ లీగ్ వాడుక ప్రకారం ఐరిష్ క్రీడాకారులు విదేశీయులు కారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాల ప్రకారం స్కాట్లాండ్, వేల్స్ వారిలాగే వారూ వేరే సంఘానికి చెందినవారు. కేరీ విషయంలో నా జవాబు ఇది: అతడు ఇంగ్లండ్‌లో విదేశీయుడు కాడు, అలాగని ఇంగ్లండ్‌వాడూ కాడు. ఈ రెంటి మధ్య ఉన్న చోటును చట్టం 1949లో గుర్తించింది. రికార్డులు రాసేవారు చాలాసార్లు మరిచిపోయారు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే అవునని గాని కాదని గాని ఒక్క మాటలో రాసి వదిలేయకండి. ఏ నిర్వచనం ప్రకారమో చెప్పి, ఆధారం చూపి, అప్పుడు మీ అభిప్రాయం రాయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1931 నాటి నివాస నిబంధన ఐరిష్ క్రీడాకారులకు ఎందుకు అడ్డుకాలేదు?
2. 1949 నాటి ఐర్లాండ్ చట్టంలోని ముఖ్యాంశం ఏమిటి? దానికి గల కారణాలు రాయండి.
3. 'ఇంగ్లండ్‌ను సొంత గడ్డపై ఓడించిన మొదటి విదేశీ జట్టు హంగరీ' అన్న వాక్యాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
4. బ్రెగ్జిట్ ఐరిష్ యువ క్రీడాకారులపై చూపిన ప్రభావాన్ని కేరీ, బ్రేడీల ఉదాహరణలతో వివరించండి.